రెండో పూస

“నువ్వు చెప్పలేదూ? నా మొహం చూసి చెప్పు వదినా, దాని బుర్రలో ఇదంతా ఎక్కించింది నువ్వు కాదూ?”

ఎవర్ట్ వంటింటి మధ్యలో నిలబడి అరుస్తున్నాడు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి ఉత్త మేజోళ్ళతో ఉన్నాడు గనక సరిపోయింది, లేకపోతే కింది వాటావాళ్ళు ఈపాటికి చీపురుకర్రతో కప్పు పొడిచేవాళ్ళు. పొద్దున్నే ఆవుల పని చూసుకుని, మంచూ వానా కలిసి కొడుతున్న రోడ్డు మీద ఊరినుంచి ఉప్సల పట్నానికి కారు తోలుకుంటూ వచ్చాడు. అక్కగారింట్లో ఉంటున్న భార్యని ఇంటికి తీసుకుపోదామని కాదు. గురువారం ఆసుపత్రిలో చేరతానని ఆమె నోటితో అనిపించి పోదామని.

“నేనేం ఎక్కించాను?” అంది గున్వోర్.

“ఆ ప్రోటీన్ సంగతి! దాని వరుస చదివేస్తే మందు వచ్చేస్తుందని.”

“ఏదో ఒక రోజు రావచ్చు అన్నాను ఎవర్ట్. ఏదో ఒక రోజు!”

“మా ఆవిడకి ఏదో ఒక రోజంటే వచ్చే నెలే.”

గున్వోర్‌కి ఒళ్ళు మండింది. మండినా నోరు లేవలేదు. ఎవర్ట్ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? కడుపులో కణితి పెట్టుకుని కూర్చున్న మనిషికి ‘రావచ్చు’ అంటే ‘వస్తుంది’ అనే వినిపిస్తుంది. రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషికి, అందులోనూ తోడబుట్టినదానికి, ఈమాత్రం తట్టొద్దూ? తట్టలేదు. వసంతంలో చెల్లెలు మైకెన్ పక్కన మంచం మీద కూర్చుని నోరు జారింది.

డాక్టరమ్మ మాత్రం ఏమీ జారకుండా చెప్పింది. ఈ గురువారం మందు ఎక్కించడం మొదలుపెడితే మైకెన్ వచ్చే వేసవి చూడొచ్చు, అంతకుమించి మాటివ్వలేను అంది. మొదలుపెట్టకపోతే ఈ చలికాలం గడవదు అంది. మైకెన్ అంతా బుద్ధిగా విని తలూపి వచ్చింది. మొన్న భోజనాల దగ్గర బంగాళాదుంప తొక్క తీస్తూ తీస్తూ, “నేను గురువారం వెళ్ళట్లేదు, ఉప్పు ఇలా ఇయ్యి బావా” అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, ఆవిడకి తప్ప.

“నాకు చెవుడు రాలేదు, తెలుసా?”

మైకెన్ పక్కగదిలోంచి మీగడ గిన్నె చంకన పెట్టుకుని గిలక్కొడుతూ వచ్చింది. గౌను మొత్తం వదులైపోయింది, పొట్ట దగ్గర మాత్రం బిగుతు. మొహంలో రక్తం లేదు గానీ కళ్ళు మహా హుషారుగా ఉన్నాయి.

“ఏమయ్యా, కొట్టంలో ఆవుల్ని ఎవరికి అప్పజెప్పి వచ్చావు?”

“మా తమ్ముడికి.”

“వాడికా! వాడు పాలు పిండితే ఆవులే జాలిపడి రెండు చుక్కలు రాల్చాలి.”

“మైకెన్, నేను ఆవుల సంగతి మాట్లాడ్డానికి రాలేదు. గురువారం...”

“గురువారం సంగతి గురువారం. ఇవాళ శనివారం. ఇవాళ నా కేకు.”

అదొకటి. అక్కా బావా పనిచేసే ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికి ఫలితం వస్తే వాళ్ళు అందరికీ కేకు పెట్టాలి. ఖరీదైన గాజుసామాను బద్దలుకొట్టినవాళ్ళు కూడా పెట్టాలనుకోండి, అది వేరే సంగతి. బావ యంత్రం, తన పొట్టలోంచి తీసిన నీళ్ళల్లో దొరికిన ప్రోటీన్‌ని చదివేసిందనీ, శనివారం పొద్దుటికి వరుస చేతికొస్తుందనీ తెలిసిన దగ్గర్నుంచి మైకెన్‌ది ఒకటే పట్టు. ప్రోటీన్ నాది, కేకూ నాదే అని. ఇప్పుడు కేకు బల్లమీద ఉంది, దాని పక్కన పళ్ళెంలో ఒలిచిన బాదం పప్పులున్నాయి. బావ వచ్చి ఒక్కొక్క పేరూ చదవాలిట, ఈవిడ ఒక్కొక్క పప్పూ వరసగా అద్దాలిట.

“ఆ మందు ఎక్కించుకుంటే ఏమవుతుందో నాకు తెలీదనుకుంటున్నారా? పక్క మంచం ఆవిణ్ణి చూశాను. జుట్టూడిపోయి బకెట్టు ముందర పెట్టుకుని కూర్చునేది. నాలుగు నెలల ఆయుష్షు కోసం నాలుగు నెలలూ కక్కుకోవాలా? నాలోంచి తీసిన దొంగని అక్క పట్టుకుంది. వాడి పేరూ ఊరూ ఇవాళ తెలుస్తాయి. కాస్త ఆగితే పోయేదేముంది?”

“నువ్వే పోతావే!” అన్నాడు ఎవర్ట్. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

మైకెన్ మీగడ గిలక్కొట్టడం ఆపలేదు.

“అది అలా కాదే మైకెన్,” అంది గున్వోర్ మెల్లిగా. “వరుస తెలిసినంత మాత్రాన...”

“మళ్ళీ మొదలుపెట్టింది. వసంతంలో నువ్వు చెప్పినప్పుడు నేను నీ కళ్ళే చూస్తున్నాను అక్కా. ఏదో ఒక రోజని నోటితో అన్నావు. కళ్ళతో అనలేదు.”

గోడ గడియారం చూసి గున్వోర్ ఎగిరిపడ్డట్టు లేచింది. “అమ్మో, నా బట్టల వంతు!” అంటూ మాసిన దుప్పట్ల బుట్ట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. పారిపోయిందనే అనుకోండి, నేను కాదనను. కానీ ఆ భవనంలో కింద ఉతుకుగది ఒక్కటే, వాటాలు బోలెడు. పలక మీద పేరు రాసుకున్న వంతు ఎగ్గొడితే పక్కవాళ్ళు ఏడాదిపాటు పలకరించరు.

* * *

గున్వోర్ మొగుడు సిక్స్టెన్ సైకిలు గోడకి ఆనించి, పైకి పోకుండా తిన్నగా నేలమాళిగలోకి వచ్చాడు. ఉతుకుగది కిటికీలోంచి భార్య తల కనిపించి ఉంటుంది. టోపీ మీది మంచు దులపలేదు, చేతితొడుగులు తియ్యలేదు, వచ్చి యంత్రాల మధ్య నిలబడ్డాడు.

“పైకి వెళ్ళలేదేం?” అంది గున్వోర్.

“పైన కేకు ఉంటుంది కదా.”

ఆ మాటతోనే ఆమెకి సగం అర్థమైపోయింది. అయినా చేతిలో దుప్పటి మడత విప్పుతూనే అడిగింది.

“వరుస రాలేదా?”

“వచ్చింది. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. పదిహేను దాకా అనుమానం లేకుండా చదివాను.”

సిక్స్టెన్ యంత్రం చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ప్రోటీన్ అంటే రకరకాల పూసలు గుచ్చిన దండ. గిర్రున తిరిగే గాజుగిన్నెలో దాన్ని పెట్టి, కొసనుంచి ఒక్కసారికి ఒక్క పూస తెంపుతారు. తెంపిన పూసని విడిగా పట్టి అదేమిటో తేలుస్తారు. మళ్ళీ తర్వాతి పూస. గంటలకి గంటలు పడుతుంది, విసుగు పుట్టి చస్తాం. కానీ లోకంలో ప్రతి ప్రోటీన్‌కీ దాని వరుస దానిదే. వరుస తెలిసిందంటే ఇంక అది ఎవరన్న మాట దాచిపెట్టలేదు.

“చెప్పు మరి.”

“మొదటిది ఆస్పార్టిక్ ఆమ్లం. మూడు హిస్టిడిన్. నాలుగు లైసిన్. తర్వాత సెరిన్, గ్లుటామిక్.”

గున్వోర్ చేతిలో దుప్పటి కదల్లేదు. ఆ పేర్లు ఆ వరసలో చదువుకునే రోజుల్లోనే విని ఉంది. విననివాళ్ళు ఆ వృత్తిలో లేరు.

“ఆల్బుమిన్,” అంది.

“ఆల్బుమిన్ విరిగిన ముక్క. ముక్క కాబట్టే బరువు చూసి కొత్తదేదో అనుకున్నాం.”

“అది మనుషులందరి రక్తంలోనూ ఉండేదే. మైకెన్ పొట్టలో నీళ్ళల్లోనూ ఉంటుంది. అందులోంచి కాస్త కలిసింది, అంతేగా? ఇంకోసారి శుద్ధి చేస్తే...”

“రెండోది అడగవేం గున్వోర్?”

“రెండోది?”

“థ్రియొనిన్.”

ఆమె తలుపుకేసి చూసింది, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. మనుషుల ఆల్బుమిన్‌లో రెండో పూస అలనిన్. థ్రియొనిన్ ఉండేది పశువులకి. ఆ పశువు ఏదో ఇద్దరికీ తెలుసు. మైకెన్ పొట్టలోంచి తీసిన నీళ్ళల్లో కణాలుంటే, వాటిని సీసాల్లో పెంచింది గున్వోర్. పెంచడానికి మేతగా పోసింది దూడ రక్తంలోంచి తీసిన సీరం.

“ఇది దూడది,” అన్నాడు సిక్స్టెన్. “మనం చదివింది మొత్తం దూడది.”

“కాదు. నేను కడిగాను. కణాల్ని ప్రతిసారీ మూడేసి సార్లు కడిగాను. సీరం చుక్క మిగలకుండా కడిగి, ఉత్త ద్రవంలో రోజంతా ఉంచి, అవి వదిలింది మాత్రమే పోగుచేశాను. ఆ పద్ధతి నాకు నువ్వు నేర్పుతావా?”

“ఆగస్టులో కూడానా? ఈ ప్రోటీన్ వచ్చింది ఆ సీసాల్లోంచే.”

ఉతుకు యంత్రం గరగరా తిరుగుతోంది. గున్వోర్ దుప్పటి బుట్టలో వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది.

“ఆ కణాలు చచ్చిపోతుండేవి సిక్స్టెన్.”

అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఉత్త ద్రవం పోస్తే పొద్దుటికల్లా గాజునుంచి ఊడి పైకి తేలేవి. సీసా తరవాత సీసా. అక్కడ అది మంచం మీద చిక్కి సగమైపోతోంది, ఇక్కడ ఇవి. అవి దానివి కదా! నావల్ల కాలేదు. ఒక్క చుక్క సీరం పోశాను. మర్నాడు చక్కగా అతుక్కుని ఉన్నాయి.”

“ఒక్క చుక్క?”

“ప్రతి సీసాలో ఒక చుక్క. అప్పట్నుంచీ.”

“అవి కేన్సరు కణాలు గున్వోర్! మీ చెల్లెల్ని చంపుతున్నవి. వాటిమీద జాలిపడ్డావా నువ్వు?”

“పడ్డాను! పడ్డాను, ఏం చెయ్యమంటావు? తిట్టు. గొంతు చించుకుని తిట్టు, నాకూ కాస్త హాయిగా ఉంటుంది.”

సిక్స్టెన్‌కి తిట్టడం చేతనైతే బావుండేది. ఆయన బోర్లించిన బుట్ట మీద కూలబడి, చేతితొడుగులతోనే మొహం రుద్దుకున్నాడు. పాపం, ఆయన మాత్రం ఏంచేస్తాడు? నెలల తరబడి తన యంత్రం పక్కనే కాపురం పెట్టి ఒక దూడ వివరాలు రాబట్టాడు.

తలుపు ఓరగా తెరుచుకుని మూడో అంతస్తు ఓకర్‌బ్లూమ్ గారు తల పెట్టింది. “మీ వంతు ఇంకా ఉందా అండీ?”

“ముప్పావుగంట ఉందండీ,” అంది గున్వోర్, మొహం యంత్రం వైపు తిప్పుకుని. తలుపు మూసుకున్నాక మాత్రం రెండు చేతులూ యంత్రం మీద ఆన్చి నిలబడిపోయింది.

“దానికి చెప్పొద్దు,” అంది. “నీకు దణ్ణం పెడతాను. నీ యంత్రం చెడిపోయిందని చెప్పు.”

“చెప్తే ఏం చేస్తుంది? బాగయ్యేదాకా ఆగుతానంటుంది. గురువారం వెళ్ళదు.”

ఆమె దుప్పటిని బుట్టలోకి అదిమింది.

“ఒక్కసారి ఆలోచించు. తను ఆసుపత్రికి వెళ్ళనంటున్నది దేనికోసం? ఈ ప్రోటీన్ కోసం. అది లేదని తెలిస్తే ఇంక దేనికోసం ఆగుతుంది? ఏడుస్తుంది, నిన్ను తిడుతుంది, తరవాత వెళ్తుంది. మనం చేసిన ఈ దరిద్రప్పనికి ఆ ఒక్క ఉపయోగం అయినా ఉండనీ.”

గున్వోర్ చాలాసేపు ఆలోచించింది. ఎటునుంచి చూసినా అతను చెప్పింది నిజంగానే కనిపించింది. చెల్లెలి ఆశ చంపితే చెల్లెలికి ఒక వేసవి దక్కుతుంది. ఇంతకంటే అన్యాయమైన బేరం ఎక్కడైనా ఉందా? అయినా వేరే దారి లేదు.

“నేనే చెప్తాను,” అంది. “నువ్వు నోరు విప్పకు.”

* * *

“బావొచ్చాడు! బావొచ్చాడు!” మైకెన్ చేతులు తుడుచుకుంటూ లేచింది. “రా రా, చలికి ముక్కు చూడు ఎలా అయిందో. ఎవర్ట్, బావకి కాఫీ పొయ్యి. కూర్చో బావా. ఇక చదువు.”

కేకు మీద మీగడ తెల్లగా నున్నగా పరిచి ఉంది. మైకెన్ మొదటి బాదం పప్పు వేళ్ళ మధ్య పట్టుకుని సిద్ధంగా ఉంది.

“ముందు నేనొక మాట చెప్పాలే,” అంది గున్వోర్.

“నీ మాట తరవాత. ఈ బల్ల దగ్గర ఇవాళ పెత్తనం నాది. చెప్పు బావా, మొదటిది?”

సిక్స్టెన్ భార్యకేసి చూశాడు. మరదలికేసి చూశాడు. నోరు విప్పొద్దని ఆమె చెప్పింది గానీ, ఎదురుగా పప్పు పట్టుకుని చంటిపిల్లలా చూస్తున్న మనిషికి ఏం చెప్పి తప్పించుకుంటాడు?

“ఆస్పార్టిక్ ఆమ్లం,” అన్నాడు.

“అబ్బ, ఏం పేరు! పులుపన్నమాట. పెట్టాను. రెండోది?”

“... థ్రియొనిన్.”

“ఇది కాస్త బావుంది, ఆడపిల్ల పేరులా. మూడోది?”

“హిస్టిడిన్.”

మైకెన్ పప్పు తరవాత పప్పు అద్దుతోంది, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా. ఎవర్ట్ కూడా కోపం మర్చిపోయి మెడ సాచి చూస్తున్నాడు. ఐదోది పెట్టింది. ఆరోది తీసుకుంది.

“ఆపు,” అంది గున్వోర్. “అది నీది కాదే.”

“ఏది?”

“ఆ వరుస. అది నీది కాదు మైకెన్. దూడది.”

మైకెన్ చెయ్యి కేకు మీద అలాగే ఉంది. “ఏ దూడ?”

గున్వోర్ చెప్పింది. దాచుకోకుండా మొత్తం చెప్పింది. సీరం అంటే ఏమిటో, కడగడం ఏమిటో, ఆగస్టులో ఏం చేసిందో, ఎందుకు చేసిందో. ఒక్కచోట ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చెప్పింది. ఆఖర్న, “నువ్వు ఆశపెట్టుకున్నదేదీ మా దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. గురువారం ఆసుపత్రికి వెళ్ళవే,” అంది.

ముందుగా తేరుకున్నది ఎవర్ట్.

“దూడ రక్తమా?” అన్నాడు. “దూడ రక్తం కావాలంటే నన్నడక్కపోయావా వదినా? బకెట్టు నిండా పట్టి ఇచ్చేవాణ్ణి కదా! దానికోసం నా పెళ్ళాం పొట్టలో గొట్టాలు గుచ్చాలా?”

“ఎవర్ట్...” అన్నాడు సిక్స్టెన్.

“నువ్వుండు అన్నా! వేసవంతా వచ్చి వెళ్ళేది ఇది. ప్రతిసారీ రెండ్రోజులు మంచం దిగేది కాదు. ఎందుకే అంటే అక్క పనికి అనేది. మీకు చదువులెక్కువై మనుషులు కనబడట్లేదు!”

గున్వోర్ తల వంచుకుని అంతా పడింది. పడాల్సిందే అనుకుంది. మనసులో ఎక్కడో కాస్త నిశ్చింత కూడా కలిగింది, ఇంక అయిపోయింది కదా అని.

అప్పుడు మైకెన్ నవ్వింది. ఏడుపు కాదు, నిజంగా నవ్వే. పొట్ట పట్టుకుని, నొప్పికి మొహం ముడుచుకుంటూ నవ్వింది.

“మా ఆయన ఆవులు కాస్తాడు, మా అక్క నాలో దూడని పట్టింది. మన వంశానికి పశువులు తప్పవు.”

ఆమె చేతిలో మిగిలిన పప్పు నోట్లో వేసుకుని, చాలా నెమ్మదిగా నమిలింది.

“అయితే అక్కా, నాలో ఏమీ లేదనా?”

“లేదని కాదు. తెలీదు. మేము చూసింది దూడదాన్ని.”

“అంటే నాదాన్ని ఇంకా ఎవరూ చూడలేదు.”

గున్వోర్ చివాల్న తలెత్తింది. చెల్లెలి గొంతులో ఏదో మారింది. ఉతుకుగదిలో అంతసేపు లెక్కలేసుకున్న మొగుడూ పెళ్ళాలకి తట్టనిది అప్పుడు తట్టింది, దీనికి ఆశ చావలేదని. తట్టి లాభమేముంది, మాట దాటిపోయింది.

“సీసాల్లో నావి ఇంకా ఉన్నాయా?”

“లేవే. అక్టోబరులోనే అన్నీ పోయాయి.”

“మళ్ళీ తియ్యాలన్నమాట.”

“ఎవరు తియ్యమన్నారు?” అని అరిచాడు ఎవర్ట్. “నీకు పిచ్చిగానీ పట్టిందా?”

“పట్టదూ మరి? నాలుగు నెలలు సూదులు పొడిపించుకున్నాను ఎవర్ట్. ప్రతిసారీ పళ్ళు బిగించి ఒకటే అనుకున్నాను, పోతే పోయాను, ఈ రోగం దేనికో పనికొస్తోంది కదా అని. అదంతా ఒక దూడ కోసమా? నేను ఒప్పుకోను. అది నాలో ఉందో లేదో చూడాల్సిందే.”

సిక్స్టెన్ గబగబా అందుకున్నాడు. “మంచిదే, చూద్దాం. గురువారం వెళ్ళు. ముందు నీళ్ళు తీస్తారు, ఆ తరవాతే మందు ఎక్కిస్తారు. మనకి కావలసింది మనకొస్తుంది, నీ వైద్యం నీకు జరుగుతుంది.”

అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. మైకెన్ వాటినే చూసింది.

“ఒక్కసారి తీస్తే చాలుతుందా బావా?”

“ఆఁ. చాలుతుంది.”

“పోయినసారి వేసవంతా ఎందుకు తీశారు మరి?”

“అదీ... అప్పుడు మాకు అలవాటు లేక...”

“నువ్వు ఊరుకో బావా. అక్కా, నువ్వు చెప్పు. ఒక్కసారి తీస్తే చాలుతుందా? మందు ఎక్కాక తీసిన నీళ్ళల్లోవి నీ సీసాల్లో పెరుగుతాయా?”

ఎవర్ట్ బల్ల అవతలనుంచి వదినకేసి చూస్తున్నాడు. ఇందాక అన్నేసి మాటలన్న మనిషి, ఇప్పుడు రెండు చేతులూ కలిపి బల్లమీద పెట్టాడు. చాలుతుందని చెప్పు వదినా. పెరుగుతాయని చెప్పు. నోటితో అనలేదు గానీ మొహమంతా అదే.

చెప్పడానికి ఎంతసేపు? ఒక్క మాట. గున్వోర్ నోరు తెరిచింది. వసంతంలో చెప్పిన ఒక్క మాట గుర్తొచ్చింది. ఆ మాట పట్టుకుని ఈ పిచ్చిది ఎంతదూరం వచ్చిందో గుర్తొచ్చింది. ఇంకొకటి చెప్తే ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు? అబద్ధానికి భయపడింది, నిజానికి భయపడింది, ఏది చెప్పినా ఇది తన చేతిలోంచి జారిపోతుందని స్పష్టంగా తెలిసిపోయింది.

“చాలదు,” అంది. “పెరగవు.”

“వదినా!” అన్నాడు ఎవర్ట్.

మైకెన్ తలూపింది, డాక్టరమ్మ దగ్గర ఊపినట్టే, బుద్ధిగా. బల్ల పట్టుకుని లేచి నడవలోకి వెళ్ళి, ఫోను తీసి, చూడకుండానే అంకెలు తిప్పింది. ఆసుపత్రి నంబరు ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

“ఏం చేస్తున్నావే?” గున్వోర్ వెనకాలే పరిగెత్తింది.

“గురువారం నా మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమంటున్నాను. మందు వద్దు. నీళ్ళు తియ్యడానికి మాత్రం వస్తానని, వారం వారం వస్తానని చెప్తాను. వసంతం దాకా. ఈసారి నువ్వు సరిగ్గా కడుగు.”

“వసంతం దాకా నువ్వు ఉండవు!”

“ఉన్నన్నాళ్ళు తీసుకో. నేను నిన్ను తిట్టలేదు కదా అక్కా? ఒక్కమాట అనలేదు కదా? దానికి బదులు ఇది చెయ్యి.”

అవతల ఎవరో ఎత్తారు. సన్నగా నర్సు గొంతు వినిపించింది, ఏ వార్డు కావాలి అని.

“నమస్కారమండీ, నేను మైకెన్...”

గున్వోర్ చెయ్యి చాచి, రిసీవరు పెట్టే మీటని వేలితో నొక్కేసింది. ఫోను మూగబోయింది.

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. వంటింటి గుమ్మంలో మొగవాళ్ళిద్దరూ నిలబడ్డారు. ముందుకొచ్చే ధైర్యం ఇద్దరికీ లేదు.

“తియ్యి,” అంది మైకెన్.

“తియ్యను.”

“ఎంతసేపు నొక్కిపెడతావు అక్కా? గురువారం దాకానా?”

గున్వోర్‌కి కళ్ళు మసకలు కమ్మి చెల్లెలి మొహం కూడా సరిగ్గా కనబడ్డం లేదు. వేలు మాత్రం తియ్యలేదు.